మా ఇంట్లో మీ గది

ఇంటావిడ: పోయినసారి వెళ్లేటప్పుడు "మీ పద్ధతులు మరీ ఎక్కువాంటీ" అనేసి వెళ్లారు. మళ్లీ గది కావాలని ఫోన్ చేశారు కాబట్టి తేల్చుకుందాం. ఇది లాడ్జీ కాదు, మా ఇల్లు. పిల్లలు ఉద్యోగాలకి వెళ్లిపోయాక మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉంటే ఇస్తున్నాం. కింద మేమిద్దరం, మా అత్తగారు ఉంటాం. మెట్లు బయటి నుంచే గానీ గేటు ఒకటే, ట్యాంకు ఒకటే, మోటారు ఒకటే. అందుకే కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఆధార్ ఫొటో వాట్సాప్‌లో పంపాలి. గదిలోకి బయటివాళ్లు రాకూడదు. నీచు కుదరదు. రాత్రి పదింటికి గేటుకి తాళం పడుతుంది. గది తాళంచెవి మీ దగ్గరొకటి, మా దగ్గరొకటి. వీటిలో మీకేది ఎక్కువనిపించిందో చెప్పండి.

అతిథి: ఆడిట్ పని మీద ఊళ్లు తిరిగేదాన్నాంటీ. లాడ్జీ కౌంటర్ దగ్గర ఒంటరి ఆడమనిషిని ఎలా చూస్తారో మీకు చెప్పక్కర్లేదు. అందుకే ఏ ఊరెళ్లినా ఎవరింట్లోనైనా గది దొరుకుతుందేమోనని చూస్తాను. కాకపోతే లాడ్జీ కుర్రాడు తాళంచెవి చేతిలో పెట్టి నన్ను మర్చిపోతాడు. ఇంటివాళ్లు మర్చిపోరు. ఎప్పుడు లేచింది, ఎవరితో మాట్లాడింది, లైటు ఎంతసేపు వేసుకుంది, అన్నీ ఎవరో ఒకరి లెక్కలో ఉంటాయి. నేను డబ్బిచ్చి గది తీసుకున్నాను గానీ చుట్టరికం కలుపుకోలేదు కదా.

ఇంటావిడ: ఆ లెక్క ఉండబట్టే కదమ్మా మీరు గుండె మీద చెయ్యేసుకుని పడుకునేది? పట్టించుకునేవాళ్లు లేనిచోట భద్రం కూడా ఉండదు. మీరు రెండూ కావాలంటున్నారు.

అతిథి: రెండూ కావాలి. గేటు దగ్గర ఎంతైనా చూసుకోండి, గది గడప దాటొద్దంటున్నాను.

ఇంటావిడ: గడప దగ్గర ఆగేవి ఎన్నున్నాయి? మీ బాత్రూమ్ లీకైతే చెమ్మ మా దేవుడి గది గోడకి దిగుతుంది. మీరు రాత్రి కుర్చీ జరిపితే మా అత్తగారికి నిద్ర చెడుతుంది. మీరు సిగరెట్ కాలిస్తే, మీరు కాల్చరనుకోండి, పొగ మా కిటికీలోకి వస్తుంది. హోటలుకైతే దాని కోసమే గోడలు కడతారు. మా గోడలు మా కోసం కట్టుకున్నవి.

అతిథి: చప్పుడు, చెమ్మ, పొగ, వీటి మీద ఎన్ని షరతులైనా పెట్టండి, ఒప్పుకుంటాను. నా గొడవ వేరేవాటితో. ఆధార్‌తో మొదలెడదాం. చూపించమంటే చూపిస్తాను. ఫొటో ఎందుకు?

ఇంటావిడ: ఎందుకంటే రేపు ఏదైనా జరిగితే పోలీసులు మీ ఊరు వెతుక్కుంటూ వెళ్లరు, మా గేటు కొడతారు. అద్దెకుండేవాళ్ల వివరాలు స్టేషన్లో ఇమ్మని కమిషనర్లు ఎప్పటికప్పుడు ఉత్తర్వులు ఇస్తూనే ఉంటారు, వినకపోతే మా మీదే కేసు. విదేశీయుడు ఒక్క రాత్రి పడుకున్నా 24 గంటల్లోగా వివరాలు ఆన్‌లైన్లో నింపాలి. హోటళ్లకే అనుకునేరు, ఇంట్లో గది ఇచ్చినవాళ్లకీ అంతే. ప్రభుత్వం నన్ను మీకు జామీను నిలబెట్టింది. ఎవరికి నిలబడుతున్నానో కూడా తెలియకూడదా?

అతిథి: తెలియాలి, ఆ మాట కాదనను. నేనెవరో తెలియకుండా మీ మేడ మీద పడుకునే హక్కు నాకు లేదు. కానీ ఆ ఫొటో అంకుల్ ఫోన్లోకి వెళ్తుంది. అక్కడ మీ మనవడి పుట్టినరోజు ఫొటోల మధ్య పడి ఉంటుంది. ఫోన్ మారిస్తే కొత్తదాంట్లోకి వస్తుంది, రిపేరుకి ఇస్తే షాపువాడి చేతికి వెళ్తుంది. నేను మీ ఇల్లు మర్చిపోయాక కూడా నా నంబరూ, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా మీ దగ్గరే ఉంటాయి. ఆధార్ అడిగే హక్కు ప్రైవేటు కంపెనీలకే లేకుండా 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని 57వ సెక్షన్‌కి కత్తెర వేసింది.

ఇంటావిడ: మరి ఇమ్మంటే అందరూ ఇచ్చేస్తున్నారు కదా? సిమ్ కార్డు షాపులో ఇస్తారు, జిరాక్స్ సెంటర్లో వదిలేస్తారు. మా దగ్గరికొచ్చేసరికి సుప్రీంకోర్టు గుర్తొస్తుంది.

అతిథి: ఆ దెబ్బ తగిలిందాంటీ. అక్కడా అడగాల్సిందే, అడగడం లేదు. ఆధార్ సంస్థకే ఇందులో ఒక తీరు లేదు. 2022 మేలో జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వొద్దని దాని ప్రాంతీయ కార్యాలయం చెప్పింది, జనం కంగారు పడేసరికి రెండు రోజులకే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. కానీ మాస్క్‌డ్ ఆధార్ అని ఒకటుంది, మొదటి ఎనిమిది అంకెలూ కనబడవు, చివరి నాలుగే ఉంటాయి. అది చూసి రాసుకోండి. రాసుకోవడం అన్నాను కాబట్టి మీ రిజిస్టరు సంగతి కూడా చెప్పాలి.

ఇంటావిడ: రిజిస్టరుకేమైంది? నీటుగా గీతలు కొట్టి రాస్తాను.

అతిథి: అదే చిక్కు. పోయినసారి నా పేరు రాయడానికి పుస్తకం ఇచ్చారు. నా పైగీతలో రాయగడ నుంచి వచ్చినాయన పేరు, ఫోన్ నంబరు, "వచ్చిన పని" అన్నచోట కెజిహెచ్ ఆసుపత్రిలో ఏ విభాగంలో చూపించుకోవాలో కూడా ఉంది. దాని పైన ఒక అమ్మాయి పేరు, నంబరు, "ఒక్కరే" అని. నేను కాబట్టి చదివి ఊరుకున్నాను. నా తర్వాత ఎవరు రాస్తారో, ఆ అమ్మాయి నంబరూ నా నంబరూ ఎవరు చదువుతారో మీకు తెలుసా?

ఇంటావిడ: అది నాకు తట్టలేదమ్మా. ఎవరి చేతా రాయించకుండా నేనే రాసుకోవాలి. లేకపోతే మనిషికో చీటీ. "వచ్చిన పని" గడి తీసేస్తాను, అది మావారు బ్యాంకు అలవాటుకొద్దీ గీసింది. వెళ్లాక కొన్నాళ్లకి చీటీ చింపేస్తాను.

అతిథి: కొన్నాళ్లంటే?

ఇంటావిడ: అది నాకెవరు చెప్పారు? చింపేసిన మర్నాడు ఎస్సై వచ్చి ఫలానా నెలలో మీ మేడ మీద ఎవరున్నారని అడిగితే, ప్రైవసీ కోసం చింపేశానంటే ఊరుకుంటాడా? మీ హక్కు కాపాడితే నాకు కేసు, నా మెడ కాపాడుకుంటే మీకు కోపం.

అతిథి: ఈ విషయంలో మిమ్మల్ని తప్పుపట్టలేను. దాచమనేవాళ్లున్నారు, ఎప్పటిదాకా దాచాలో మీలాంటి రెండు గదుల వాళ్లకి విడమరిచి చెప్పినవాళ్లు లేరు. సరే, కెమెరా. గేటు మీద ఒకటుంది, షెడ్డులో ఒకటుంది, బాగానే ఉంది. మెట్ల మలుపులో ఒకటుంది. అది మెట్లతో పాటు మేడ మీద వరండా సగం చూస్తుంది. నేను టిఫిన్‌కి కిందికొచ్చినప్పుడు మీ హాల్లో టీవీ పక్కన మానిటరు కనబడింది, నాలుగు గళ్లు. మీ అత్తగారు సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా నా వరండా ఉన్న గడి వైపు తిరుగుతున్నారు. ఆ పొద్దున్నే తడి జుట్టుతో బట్టలు ఆరేసింది నేనే.

ఇంటావిడ: ఆవిడకి చూపే సరిగా ఆనదు!

అతిథి: ఆవిడకి ఆనకపోయినా రికార్డు అవుతుంది కదా.

ఇంటావిడ: అవుతుంది, అందుకే పెట్టాం. షెడ్డులోంచి మోటారు ఎత్తుకుపోతే ఎవరిని అడగాలో తెలియలేదు. ఇంకో సంగతి మీరు ఆలోచించారో లేదో. రేపు మీ ల్యాప్‌టాప్ కనబడలేదని మీరే నా మీద ఫిర్యాదు చేశారనుకోండి. మేడ మీదికి నేను ఎక్కలేదని నాకు సాక్ష్యం ఏది? మా పనమ్మాయి ఎక్కలేదని సాక్ష్యం ఏది? వస్తువు పోతే ముందు అనుమానపడేది దాన్నే. ఆ కెమెరా దాని పరువు కూడా కాస్తోంది.

అతిథి: పనమ్మాయి మాట నిజం. గది తీసుకునేవాళ్లం ఆవిడ వైపు నుంచి ఎప్పుడూ చూడం. అయినా ఒక్కటి చెప్తాను. ఎయిర్‌బీఎన్‌బీ ఇంతకుముందు హాల్లోనో నడవలోనో కెమెరా పెట్టుకుని ముందే చెప్తే ఒప్పుకునేది. 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాయే ఉండకూడదంది, ప్రపంచమంతటా.

ఇంటావిడ: ఇంటి లోపల కదా? మా మెట్లు బయట.

అతిథి: బయట పెట్టినా ముందే చెప్పాలి, లోపల కనబడకూడదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం కెమెరాలు పెట్టమంది వందమంది చేరే చోట్లకి. మీ మేడకి కాదు. ఇంకా పైకి వెళ్తే భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ ఉంది, ఎవరూ చూడరనుకున్న చోట ఆడమనిషిని చాటుగా చూసినా, చిత్రం తీసినా మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. మీరలాంటి పని చేస్తారని అనడం లేదు. కానీ కొత్త ఊళ్లో కొత్త గదిలో తలుపేసుకున్న ప్రతిసారీ పొగ అలారం వైపు, చార్జర్ వైపు, అద్దం వైపు ఒకసారి చూసుకోవడం మాకు అలవాటైపోయింది. మెట్ల మీది కెమెరా చూడగానే లోపల ఇంకెన్ని ఉన్నాయో అన్న అనుమానం మొదలవుతుంది.

ఇంటావిడ: మీరు మా గది వెతుకుతారన్నమాట!

అతిథి: వెతుకుతాను. మీరు నా ఆధార్ అడిగినట్టే.

ఇంటావిడ: సమాధానం బాగానే ఉంది. పోనీ మానిటరు హాల్లోంచి తీసి లోపలి గదిలో పెట్టిస్తాను, అత్తగారికి వేరే కాలక్షేపం చూడాలి. మెట్ల కెమెరా సంగతి తర్వాత. నీచు గురించి కూడా ఏదో అనబోయారు.

అతిథి: అంటాను. వండొద్దనండి, ఒప్పుకుంటాను, వాసన కిందికొస్తుంది, గిన్నెలు మీవి. పార్సిల్ తెచ్చుకుని తలుపేసుకుని తింటే ఎవరికి నష్టం?

ఇంటావిడ: ఎంగిలి ఆకు ఏ చెత్తబుట్టలో వేస్తారు? మాదాంట్లోనేగా. మా అత్తగారు మడి కట్టుకుని వంట చేస్తారు. ఎనభై దాటిన మనిషిని ఇప్పుడు మారమనలేను. మీ ప్రైవసీ కోసం ఆవిడ ఆచారం ఆవిడ ఇంట్లోనే వదులుకోవాలా?

అతిథి: వదులుకోమనను. నా అనుమానం వేరే. ఫోన్లో మీరు నన్నడిగిన మొదటి మాట నాన్‌వెజ్ తింటారా అని కాదు. మా ఇంటిపేరేమిటని.

ఇంటావిడ: అడిగాను.

అతిథి: ఎందుకడిగారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను మాట మార్చి తప్పించుకున్నాను. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం హోటల్లోకి వెళ్లడానికి కులం, మతం అడ్డు రాకూడదంటుంది. మీరు బోర్డు పెట్టి, రోజుకింత అని పుచ్చుకుని, ఎవరు ఫోన్ చేసినా గది ఉందో లేదో చెప్తారు. దాన్ని హోటలనాలా, ఇల్లనాలా?

ఇంటావిడ: ఇల్లనే అనాలి. కేంద్ర ప్రభుత్వం వాళ్ల ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో కూడా ఇంటివాళ్లు అదే ఇంట్లో కాపురం ఉండాలి, గదులు ఆరుకి మించకూడదు. అంటే ఏమిటి? ఇల్లు ఇల్లుగా ఉంటేనే దానికి విలువ అని వాళ్లే ఒప్పుకున్నట్టు. మా ఇంట్లోకి ఎవర్ని రానివ్వాలో నిర్ణయించుకునే పాటి స్వేచ్ఛ మాకుండదా? మీరు ప్రైవసీ అంటున్నారే, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు అది ప్రాథమిక హక్కని చెప్పారని మావారు పేపర్లో చదివి వినిపించారు. ఆ హక్కు గది తీసుకున్నవాళ్లకేనా? ఇల్లు గలవాళ్లకి లేదా?

అతిథి: ఉంది. నిజానికి ఆ తీర్పులో ఇంటికి చాలా చోటిచ్చారు. ఇంట్లో మీరెలా ఉండాలో, ఎవరితో తినాలో నేను చెప్పను. కానీ అద్దె పుచ్చుకున్న రోజుకి ఆ గది నా ఇల్లు. ఒకే మేడ మీద ఇద్దరికి ఇల్లుంటే ఎవరి హక్కు ఎక్కడ ఆగుతుందో ఆ తీర్పు మనకి చెప్పలేదు.

ఇంటావిడ: ఇంటిపేరు అడగడం మానేస్తాను. అది తప్పని మా అమ్మాయి కూడా పోట్లాడింది. నీచు మాత్రం కుదరదు.

అతిథి: ముందే రాసిపెట్టండి, నేను ఇక వాదించను. తెలిసి వచ్చినవాళ్లకి ఇబ్బంది లేదు. ఆ ఒక్క వాక్యం చదివి ఎవరెవరు ఫోన్ పెట్టేస్తారో మాత్రం మీరు గుర్తుంచుకోవాలి. ఇంటిపేరు అడక్కపోయినా జల్లెడ పట్టినట్టే అవుతుంది.

ఇంటావిడ: ఆ మాట కష్టంగానే ఉంది. సరే, మనుషుల సంగతి. పోయినసారి మీతో పనిచేసే అబ్బాయి వస్తే గేటు దగ్గరే నిలబెట్టానని మీకు కోపం వచ్చింది.

అతిథి: మధ్యాహ్నం మూడు గంటలకి, ఎండలో, చేతిలో ఫైళ్లతో ఉన్నాడు. సంతకాలు పెట్టించుకోవడానికి వచ్చాడు. దానికి ముందురోజు మా నాన్న వస్తే పైకి పంపి కాఫీ కూడా ఇచ్చారు. పెళ్లికాని జంట హోటల్లో ఒకే గదిలో ఉంటే తప్పుపట్టే చట్టం ఏదీ లేదని మద్రాసు హైకోర్టు 2019 డిసెంబరులోనే చెప్పింది. నాది ఆ వ్యవహారం కూడా కాదు. అయినా చట్టం అడగని అనుమతి మీ గేటు దగ్గర కావాలి.

ఇంటావిడ: అది హోటలుకి చెప్పారు. అక్కడి మేనేజరు సాయంత్రానికి ఇంటికెళ్లిపోతాడు. మా ఇల్లు ఇదే. మీరు రెండు రోజులకి వెళ్లిపోతారమ్మా, నేను ఈ వీధిలోనే ఉండాలి. ఎదురింటావిడ ఒక్క మాట అంటే కోర్టు తీర్పు చూపించలేను. మీకు సంస్కారం లేదనడం లేదు. కానీ మీ తర్వాత వచ్చేవాళ్లకి కూడా ఇదే రూలు. ఒకర్ని పైకి పంపి ఒకర్ని ఆపితే, ఆపినవాళ్లు ఎందుకని అడుగుతారు. అందరినీ ఆపితే ఎవరూ అడగరు.

అతిథి: అందరినీ ఆపలేదు కదా. నాన్నని పంపారు. మీ రూలు మనుషుల గురించి కాదు, మగవాళ్ల గురించి. అందులోనూ ఏ మగవాడు ఏమవుతాడన్న దాని గురించి. గదికి ఇద్దరని డబ్బు తీసుకుని, రాత్రి మూడో మనిషి ఉండకూడదంటే అర్థముంది, నీళ్లకీ కరెంటుకీ లెక్కుంది. పగటిపూట ఎవరితో మాట్లాడుతున్నానన్నది నీళ్ల లెక్క కాదు.

ఇంటావిడ: వీధి లెక్క అది. ఆ లెక్క నేను పెట్టింది కాదు, కట్టేది మాత్రం నేనే.

అతిథి: మీరు కట్టేదాంట్లో సగం నా చేత కట్టిస్తున్నారు. పోనివ్వండి, ఇది ఇప్పట్లో తెగదు. తాళంచెవి రెండోది మీ దగ్గరెందుకు?

ఇంటావిడ: అరకు వెళ్లేవాళ్లు పొద్దున్నే కిరండూల్ రైలుకి పరుగెడతారు. అద్దాల బోగీలో సీటు దొరికిందన్న సంబరంలో గీజర్ వేసి వదిలేస్తారు, కుళాయి తిప్పి మర్చిపోతారు. వాళ్లు బొర్రా గుహలు చూసుకుని రాత్రికి వచ్చేదాకా మీటరు తిరుగుతూ ఉండాలా? తాళం తీసి ఆపుతాను. దొంగతనానికి వెళ్తున్నానా?

అతిథి: గీజర్ ఎంసీబీ మెట్ల కింద బోర్డులోనే ఉందాంటీ. అక్కడే ఆపొచ్చు. వాల్వు ట్యాంకు దగ్గరుంది.

ఇంటావిడ: మీరు ఆడిటర్లు సుమా!

అతిథి: చట్టం చూస్తే నేను ఇక్కడ గట్టిగా మాట్లాడలేను, అదీ చెప్పేస్తాను. 2021లో కేంద్రం ఒప్పుకున్న నమూనా అద్దె చట్టంలో ఇంటి యజమాని లోపలికి రావాలంటే 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. కానీ అది అద్దెదారుకి. రెండు రోజులుండి పోయే నేను అద్దెదారుని కాను. ఆర్.ఎన్. కపూర్ కేసులో సుప్రీంకోర్టు 1959లోనే ఆ తేడా చెప్పింది. గది పూర్తిగా నా స్వాధీనంలో ఉంటే ఒక రకం, మీ స్వాధీనంలోనే ఉండి నేను వాడుకుంటుంటే ఇంకో రకం. మీరు శుభ్రం చేయించడానికి రోజూ వస్తారు కాబట్టి నాది రెండో రకం. కాగితం మీద మీదే పైచెయ్యి.

ఇంటావిడ: మరింకేం?

అతిథి: ఒక సంగతి చెప్తాను, వేరే ఊళ్లో జరిగింది. ఇలాగే ఒకరింట్లో దిగాను. చాలా మంచావిడ. రాత్రి భోజనానికి పిలిచి చప్పిడి కూర వడ్డించింది. "బల్ల మీద బీపీ బిళ్లలు చూశానమ్మా, అందుకే ఉప్పు తగ్గించాను" అంది. మా అమ్మకి కూడా చెప్పలేదు ఆ సంగతి. ఆ ముద్ద గొంతు దిగలేదు. ఆవిడ ప్రేమగానే చేసింది, కాదనను. కానీ ఎవరికి, ఎప్పుడు చెప్పుకోవాలన్నది నా చేతిలోంచి పోయింది. మర్నాడు ఆవిడ కోడలు కూడా మెట్లు నెమ్మదిగా దిగమంది.

ఇంటావిడ: నేనైనా అదే చేసేదాన్ని. నాకది తప్పనిపించదు. చూసి కూడా చూడనట్టు, ఉప్పగా వండి పెట్టమంటారా?

అతిథి: చూడకుండా ఉండమంటాను.

ఇంటావిడ: అయితే నేనొకటి అడుగుతాను, ఆలోచించి చెప్పండి. పొద్దున్నుంచి గది తలుపు తియ్యలేదు. టిఫిన్‌కి రాలేదు. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. మనిషి ఒక్కరే. పరీక్ష రాసి వచ్చిన కుర్రాడనుకోండి, ఫలితం బాగా రాలేదనుకోండి. ఎన్ని గంటలు ఆగి తాళం తియ్యాలి? తొందరపడి తీస్తే నిద్రపోతున్న మనిషి గదిలోకి జొరబడినట్టు. ఆలస్యం చేస్తే జన్మంతా తల్లిదండ్రులకి మొహం చూపించలేను. ఆ రెండో చెవి నా దగ్గరుంది గీజర్ కోసం కాదు.

అతిథి: దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంటావిడ: మరి!

అతిథి: జవాబు లేదు గానీ దారి ఉండొచ్చు. గదిలో దిగేటప్పుడే ఒకరి నంబరు ఇచ్చి ఉంచమనండి, అమ్మో, అన్నో, స్నేహితుడో. ముందు తలుపు కొట్టండి, తర్వాత ఆ నంబరుకి చెయ్యండి, వాళ్లు తియ్యమంటే ఇంకొకర్ని పక్కన పెట్టుకుని తియ్యండి. రెండో చెవి కవర్లో పెట్టి అంటించి, పైన నా సంతకం తీసుకోండి. వెళ్లేటప్పుడు నేను చూసుకుంటాను. చిరిగి ఉంటే ఎందుకు చించారో అడుగుతాను. మీరు చెప్తారు.

ఇంటావిడ: ఆ నంబరు ఇవ్వడానికి ఇష్టపడనివాళ్లుంటారు. ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్లుంటారు.

అతిథి: ఉంటారు. ఇల్లు వదిలి పారిపోయి వచ్చిన ఆడపిల్ల కూడా ఉండొచ్చు, ఆ పిల్ల ఇచ్చిన నంబరుకి మీరు ఫోన్ చేయడమే ప్రమాదం కావచ్చు. అందుకే ఎవరి నంబరు ఇవ్వాలన్నది వాళ్లకే వదిలేయండి.

ఇంటావిడ: కవరు బాగానే ఉంది. కానీ ఇంతసేపూ నేను చూడడం గురించే మాట్లాడాం. మీరు చూడడం సంగతి? మే నెలలో ఒక జంట దిగారు. వెళ్లాక వాళ్ల రీల్‌ని మా అమ్మాయి పంపింది. మా తులసికోట, మా వంటిల్లు, లుంగీ కట్టుకుని పేపర్ చదువుకుంటున్న మావారు, కింద పాట. "నానమ్మ ఇంటి ఫీల్" అని రాశారు. వేలమంది చూశారట. ఆయన వారం రోజులు వరండాలోకి రాలేదు. మెట్ల మలుపులో నా కెమెరా ఒక్కటి పెడితే చట్టాలు చెప్పారు. మీ అందరి చేతుల్లో తలా ఒకటి ఉంది, దానికేం సెక్షన్ చెప్తారు?

అతిథి: అది తప్పు. సెక్షన్ వెతకాల్సిన పని కూడా లేదు, అడిగి తియ్యాలి. నేనూ మీ మెట్ల మీది మల్లెపందిరి తీశాను, వెనకాల మీ కిటికీ పడింది. చెరిపేస్తాను. డబ్బిచ్చాం కాబట్టి ఇల్లంతా మనకి చూపించడానికే ఉందనుకుంటాం. మీ రూల్స్‌లో మొదటిది అదే రాయండి, కింది వాటాలో ఫొటోలు తియ్యకూడదని. దాని మీద ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

ఇంటావిడ: రాస్తాను. ఇంత ఒప్పుకున్నారు కాబట్టి గేటు సంగతి నేనూ ఒప్పుకుంటాను. తెల్లవారుజామున రైలుకి వెళ్లేవాళ్ల కోసం మావారు అలారం పెట్టుకుని లేవడం ఆయన మోకాళ్లకీ మంచిది కాదు. గేటుకి అంకెల తాళం పెట్టిస్తాం. మనిషి మారినప్పుడల్లా అంకె మార్చొచ్చట. రాత్రి ఎప్పుడొచ్చారని అడగను.

అతిథి: కెమెరాలో టైము పడుతుంది కదా, అడక్కపోయినా.

ఇంటావిడ: పడుతుంది. చూడను అన్నాను, పడదనలేదు.

అతిథి: మనుషులు రావడం?

ఇంటావిడ: గదిలోకి కుదరదు. పగటిపూట అయితే మేడ మీద వరండాలో రెండు కుర్చీలు వేయిస్తాను. కాఫీ కూడా పంపిస్తాను, నాన్నగారికే అని కాదు, ఎవరికైనా.

అతిథి: ఆ వరండా మీదే కదాంటీ మెట్ల కెమెరా ఉంది.

ఇంటావిడ: కాస్త పక్కకి తిప్పిస్తాను. తీసెయ్యమంటే మాత్రం తియ్యను.

అతిథి: ఎటు తిప్పారో వచ్చి చూసుకుని అడ్వాన్సు ఇస్తాను.